రెండు వందల పన్నెండు మంది తప్పిపోయిన మంగళవారం

మా జిల్లా పేరు రాయను. రాస్తే మిగతా జిల్లాల వాళ్ళు నొచ్చుకుంటారు, ఇంత ఘనత మీకొక్కళ్ళకేనా దక్కాల్సింది అని.

నా పేరు మాత్రం రాస్తాను. పులిపాక వజ్రం. హెచ్ఐవీ ఉన్నవాళ్ళ సంఘానికి అధ్యక్షురాలిని. పదహారేళ్ళుగా మాత్రలు మింగుతున్నాను, పన్నెండేళ్ళుగా ఆఫీసర్లతో కొట్లాడుతున్నాను. రెండూ రోజూ చెయ్యాల్సినవే, మానితే మనకే నష్టం. చదువు అయిదో తరగతి. మిగతాదంతా సర్క్యులర్లు చదివి నేర్చుకున్నదే. అందుకని నా రాతలో అక్కడక్కడా "తగు చర్య నిమిత్తం" అని దొర్లితే సర్దుకోండి.

మేం మొదట్లో రోగులం. తర్వాత బాధితులమయ్యాం. ఆ మాట బాగాలేదని ఎవరో అంటే లబ్ధిదారులమయ్యాం. ఈ ఏడు పైనుంచి కాగితం వచ్చింది, ఇకమీదట మేం "కమ్యూనిటీ" అని. పేరు మారినప్పుడల్లా ఆఫీసర్లకి రెండు రోజుల ట్రైనింగు అవుతుంది. మాకేమో అదే మాత్ర.

ఆ కాగితంలో ఇంకో సంగతి కూడా ఉంది. హెచ్ఐవీ విషయంలో ఎంత ముందుకు పోయామో దేశం ఏటేటా ఒక రిపోర్టు రాసి పైవాళ్ళకి పంపుతుంది. జిల్లాల నుంచి రిపోర్టులు పోతే అవన్నీ కలిపి దేశం రిపోర్టు అవుతుంది. మా భాగస్వామ్యం అందులో ఎప్పుడూ ఉంది. రిపోర్టు పంపే ముందురోజు అటెండరు ఆఖరి పేజీ ఒకటి పట్టుకొచ్చి మా ఇంటి అరుగు మీద నా సంతకం పెట్టించుకుపోయేవాడు. ముందు పేజీలు చూపించమంటే అవి కాన్ఫిడెన్షియల్ అనేవాడు. మా గురించి మాకే రహస్యం. ఈ ఏడు అలా కుదరదట. "కమ్యూనిటీ భాగస్వామ్యం లేని నివేదిక చెల్లదు. భాగస్వామ్యమును కొలిచి, అంకెలలో చూపవలెను" అని ఉంది.

చదివి ఎగిరి గంతేశాను. పన్నెండేళ్ళు గొంతు చించుకుంది దీనికోసమే. సంఘంలో అందరికీ మైసూరుపాకు పంచాను. ఆ మైసూరుపాకు తిన్నవాళ్ళు నన్ను ఇప్పటికీ ఎగతాళి చేస్తారు.

మొదట అడిగింది దయామణి. రొయ్యల షెడ్డులో తలలు తుంచే పని ఆమెది. ఇంట్లో సంపాదించేది ఆమె ఒక్కతే. పొద్దున ఆరింటికి టోపీ, మాస్కు, గ్లౌజులు వేసుకుని ఐసు నీళ్ళలో చేతులు పెడితే సాయంత్రానికే తియ్యడం. పూర్వం మాకు నెలకి సరిపడా ముప్పై మాత్రల సీసా ఒకేసారి ఇచ్చేవాళ్ళు. బస్సెక్కే ముందు సీసా మీది కాగితం గోటితో గీకి పారేసి, లోపల గలగలమనకుండా కాస్త దూది కూరుకుని పోయేవాళ్ళం. నెలకి ఒక్క రోజు పని పోయేది. రెండు నెలల నుంచి సీసాలు లేవు. మందులిచ్చే కిటికీ దగ్గర ఫార్మసిస్టు ఫణికుమార్ సీసా మూత తీసి, ఏడేసి మాత్రలు లెక్కపెట్టి, శొంఠి కట్టినట్టు పొట్లం కట్టి ఇస్తున్నాడు. వారానికి ఏడు. ప్రతి మంగళవారం రావాలి. నెలకి నాలుగు రోజుల పని పోతుంది.

షెడ్డులో మేస్త్రీకి అనుమానం వచ్చింది. "మంగళవారం మంగళవారం ఏం మొక్కుబడే నీకు?" అన్నాడట. ఉపవాస ప్రార్థన అని చెప్పిందట. ప్రార్థనలు ఆదివారం చేసుకో, ఈ నెలలో ఇంకో మూడు నాగాలయితే నీ కత్తి నీకిచ్చి పంపేస్తానన్నాడట. నిజం చెప్తే ఆ మూడు నాగాలు కూడా ఉండవు. షెడ్డు మొత్తానికి తెలిసిపోతుంది, మర్నాటి నుంచి ఆమె పక్కన బల్ల ఖాళీ.

"వజ్రమక్కా, నువ్వా రిపోర్టులో ఒక్క ముక్క రాయించు. నెల మాత్రలు ఒకేసారి ఇవ్వమని. ఇంకేం వద్దు నాకు" అంది.

ఒక్క ముక్కే కదా, రాయిస్తానన్నాను. ధీమాగానే అన్నాను.

ముందు ఫణికుమార్‌ని పట్టుకున్నాను. మనిషి మంచివాడు, రూలు దాటడు. స్టాకు తక్కువొస్తోంది, అందరికీ సర్దుతున్నానన్నాడు. ఎక్కువ కావాలని రాయొచ్చుగా అంటే, రాయాలంటే "కొరత" అనే గడి నింపాలన్నాడు. కొరత గడి నింపితే సంజాయిషీ రాయాలి. జిల్లా ఆఫీసరు గారికి సంజాయిషీలంటే పడదు. కాబట్టి రిపోర్టులో "మందు దొరకక వెనుదిరిగినవారు" అన్నచోట సున్నా పడుతోంది. అబద్ధం కాదు. ఏడు మాత్రలతో వెనుదిరిగినా మందుతో వెనుదిరిగినట్టే.

జిల్లా ఆఫీసరు డాక్టర్ వర్ధన్ గారు. మాట్లాడేటప్పుడు చేతివేళ్ళు పక్షి ముక్కులా కలిపి పెట్టి మాట్లాడతారు. ఆయన పక్కన రాజధాని నుంచి వచ్చిన కన్సల్టెంటు మృణాళిని గారు. ఆవిడ పని భాగస్వామ్యాన్ని కొలవడం. ఇద్దరి ముందూ దయామణి పేరు చెప్పకుండా సంగతి చెప్పి, ఆ ముక్క రిపోర్టులో రాయమన్నాను.

వర్ధన్ గారు వేళ్ళు కలిపారు. "చూడమ్మా వజ్రం గారూ. ఒకరు చెబితే అది వ్యక్తిగత ఫిర్యాదు. పదిమంది చెబితే అది వర్గ వివాదం. కమ్యూనిటీ యావత్తూ చెబితేనే అది కమ్యూనిటీ అభిప్రాయం అవుతుంది. అప్పుడు పొందుపరుస్తాం."

యావత్తూ అంటే ఎంతమందండీ అన్నాను. మృణాళిని గారు లాప్‌టాప్‌లో చూసి, మందులిచ్చే మా సెంటర్లో నమోదైనవాళ్ళు రెండు వందల పన్నెండు మంది, కాబట్టి రెండు వందల పన్నెండు మంది అని చెప్పారు. ఒక్కరు తగ్గినా అది పాక్షిక భాగస్వామ్యం కిందికి వస్తుందట. పాక్షిక భాగస్వామ్యానికి అభిప్రాయం ఉండదట.

నేనేం తక్కువదాన్నా? అందర్నీ తెస్తానన్నాను. సవాలు అనగానే నాకు కళ్ళు కనపడవు, అది నా జబ్బు, దానికి మాత్ర లేదు.

ఏ రోజు పెట్టాలన్న దగ్గర ఆఫీసర్లు మా మీద దయ తలిచారు. ఎలాగూ మాత్రలకి మంగళవారం అందరూ వస్తారు, వేరే రోజు పెట్టి పని చెడగొట్టడం దేనికి, మంగళవారమే పెడదామన్నారు. నాకూ బాగానే తోచింది. ఆసుపత్రి మేడ మీద హాలు. కిందనే మందుల కిటికీ. అది తెరిచేదీ పదింటికే, మీటింగు మొదలయ్యేదీ పదింటికే. మధ్యలో ఇరవై రెండు మెట్లు.

మొదటి మంగళవారం అందరూ వచ్చారు. ఎవరికి ఎవరు ఫోను చెయ్యాలో, ఎవర్ని ఎవరు బండెక్కించుకోవాలో నేనే దగ్గరుండి చూశాను. జ్వరంతో వార్డులో పడుకున్న ఇద్దర్ని సెలైన్ స్టాండ్లతో సహా పైకి తెచ్చాం. రెండు వందల పన్నెండు. మృణాళిని గారి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆవిడ సర్వీసులో నూటికి నూరు ఎప్పుడూ చూడలేదట.

కుర్చీల దగ్గర చిక్కొచ్చింది. భాగస్వామ్యానికి రుజువుగా ఫోటో కావాలి. మా మొహాలు ఫోటోలో పడకూడదు, అది చట్టం. మంచి చట్టమే, దానికోసం మేమే ధర్నా చేశాం. రెంటికీ కుదిరేలా మృణాళిని గారు ఉపాయం చెప్పారు. కుర్చీలన్నీ వెనక్కి తిప్పించారు. మేం రెండు వందల పన్నెండు మందిమీ వెనక గోడకేసి తిరిగి కూర్చున్నాం. ఆఫీసర్లు వేదిక మీద నుంచి మా వీపులతో మాట్లాడారు. నేను అధ్యక్షురాలిని కాబట్టి నాది మొదటి వరస. అంటే గోడకి మూరెడు దూరం. ఆ గోడ మీద మంచినీళ్ళ ట్యాంకు కడిగిన తేదీలు రాసిన బోర్డు ఉంది. భాగస్వామ్యం జరిగినంతసేపూ దాన్నే చదివాను. ట్యాంకు కడిగి రెండేళ్ళయింది.

వర్ధన్ గారు గంటా ఇరవై నిమిషాలు మాట్లాడారు. "కమ్యూనిటీ అనేది నివేదిక యొక్క హృదయ స్పందన" అన్నారు. మైకు నా వీపుకి గురిపెట్టి ఉందేమో, హృదయం అన్నప్పుడల్లా నడుము దగ్గర గుయ్యిమంది. తర్వాత మృణాళిని గారు భాగస్వామ్యంలో ఎన్ని మెట్లున్నాయో చెప్పారు. పన్నెండయ్యింది. కింద కిటికీ ఒంటిగంటకి మూసేస్తారు. ఆమాట అని, ఒక్కొక్కళ్ళం దిగి మాత్రలు తెచ్చుకుంటామని గోడకి విన్నవించుకున్నాను. వెనక నుంచి వర్ధన్ గారి సమాధానం వచ్చింది. మధ్యలో లేచి వెళ్తే ఆ వ్యక్తి భాగస్వామ్యం పాక్షికం అవుతుంది, అందరి అభిప్రాయమూ చెల్లకుండా పోతుంది, నిర్ణయం కమ్యూనిటీకే వదిలేస్తున్నాను అన్నారు.

దయామణి నా వెనక వరసలో ఉంది. "కూర్చుందాం అక్కా, ముక్క పడాలి కదా" అని గొణిగింది. కూర్చున్నాం. మీటింగు రెండున్నరకి అయింది. కిటికీకి తాళం.

మర్నాడు నలుగురం పోయి అడిగాం. ఫణికుమార్ కంప్యూటరు మా వైపు తిప్పి చూపించాడు. మాది మంగళవారం, బుధవారం మా పేరు కొడితే తెర తెరుచుకోదు. వచ్చే మంగళవారం రమ్మన్నాడు. మేమేం బెంబేలు పడలేదు. మాలో పాతవాళ్ళకి ఒక అలవాటుంది. సీసా ఎప్పుడూ అడుక్కి ఊడ్చం. తుపాను రానీ, బందు రానీ, బస్సు చెడిపోనీ అని పది పదిహేను మాత్రలు ఎక్కడో దాస్తాం. నావి పోపులపెట్టెలో ఆవాల కింద ఉంటాయి. దయామణివి చిరిగిన బైబిలు అట్టలో. ఎందుకంటే మాత్ర కొన్ని రోజులు తప్పితే ఆ మందు ఇక పనిచెయ్యడం మానేస్తుందని మాకు ఏ కౌన్సిలరూ చెప్పక్కర్లేదు, చూశాం. లెక్క చూసుకుంటే దయామణి దగ్గర పధ్నాలుగున్నాయి. సరిగ్గా రెండు వారాలు.

రెండో మంగళవారం అభిప్రాయం రాసే రోజు. ఈసారి పన్నెండుకల్లా వదిలేస్తామని మాటిచ్చారు. దయామణి రెండో నాగా పెట్టి వచ్చింది. మళ్ళీ రెండు వందల పన్నెండు, మళ్ళీ సెలైన్ స్టాండ్లు, మళ్ళీ గోడ. నేను లేచి గోడకేసి గట్టిగా చెప్పాను, నెలకి నాలుగుసార్లు రాలేకపోతున్నాం, పనులు పోతున్నాయి, నెల మాత్రలు ఒకేసారి ఇవ్వండి అని. ఒప్పుకునేవాళ్ళు చెయ్యెత్తమన్నారు. అందరం ఎత్తాం. ఫోటో తీశారు. ఆ ఫోటో చాలా బాగా వచ్చింది, తర్వాత దాన్నే రిపోర్టు అట్ట మీద వేశారు.

అయితే ఆ ముక్కని నివేదిక భాషలోకి మార్చాలట. మృణాళిని గారు, వర్ధన్ గారు గంటన్నర కూర్చుని మార్చారు. ఒంటిగంట దాటింది. అప్పుడు చదివి వినిపించారు: "కమ్యూనిటీ సభ్యులు నెలకు నాలుగు పర్యాయములు కేంద్రమును సందర్శించుచూ సేవలతో సన్నిహిత అనుబంధమును కలిగియున్నారు. ఈ అనుబంధమునకై వారు తమ దినసరి పనులను సైతం త్యజించుచున్నారు."

మేం చెప్పిన మాటల్లో ఒక్కటీ పోలేదు. నాలుగుసార్లు ఉంది, పనులు పోవడమూ ఉంది. శవాన్ని కడిగి, పౌడరు రాసి, పెళ్ళికొడుకని కూర్చోబెట్టారు.

నెల మాత్రల సంగతేదండీ అని అడిగాను. అది అభిప్రాయం కాదు, కోరిక అన్నారు వర్ధన్ గారు. కోరికలకి ఈ ఫార్మాటులో గడి లేదట.

కిందికి దిగేసరికి తాళం. మెట్లు దిగుతూ దయామణి వేళ్ళ మీద నాగాలు లెక్కపెట్టుకుంది. తిడితే బాగుండేది. నా మాట విని రెండు నాగాలు పెట్టింది. మిగిలింది ఒక్కటి. మాత్రలు వచ్చే సోమవారం రాత్రితో సరి.

బుధవారం మధ్యాహ్నం మస్తాన్‌వలి మా ఇంటికొచ్చాడు. ఇతను సెంటరు తరఫున ఊళ్ళు తిరిగి, మందులు మానేసినవాళ్ళని వెతికి తెచ్చే మనిషి. మా సంఘంవాడే, నన్ను అక్కా అంటాడు. టీ ఇచ్చాను. తాగి, గ్లాసు పక్కన పెట్టి, సంచిలోంచి ఫారం తీసి, మొహమాటంగా అడిగాడు.

"అక్కా, నువ్వు ఎక్కడున్నావు?"

ఇక్కడే ఉన్నాను కదరా, నీకు టీ ఎవరిచ్చారు అన్నాను. అలా కాదక్కా అని కంప్యూటరు జాబితా చూపించాడు. వరసగా రెండు మంగళవారాలు మందు తీసుకోకపోతే కంప్యూటరు ఆ మనిషిని "తప్పిపోయినవారు" అని ఎర్రక్షరాల్లో పెడుతుంది. జాబితాలో రెండు వందల పన్నెండు నంబర్లున్నాయి. నాదుంది, దయామణిదుంది. మస్తాన్‌వలిది కూడా ఉంది. అతను పొద్దున్నుంచీ తన్ను తాను వెతుక్కుని, దొరక్క, తర్వాత నా దగ్గరికి వచ్చాడు.

మీటింగులో ఉన్నానని రాసుకోమన్నాను. గడి లేదన్నాడు. ఫారంలో నాలుగే ఉన్నాయి. ఊరు మారారు. మందు వద్దన్నారు. చనిపోయారు. ఆచూకీ లేదు. "దొరికారు" అని రాయాలంటే మనిషిని చెయ్యి పట్టుకుని కిటికీ దాకా తీసుకుపోవాలి. కిటికీ మంగళవారం. మంగళవారం మనం మేడ మీద. "చనిపోయారు పెడితే పేరు కొట్టేస్తారక్కా, మళ్ళీ రాయించుకోవడం కష్టం. ఆచూకీ లేదు పెడతాలే" అని నా ఎదురుగానే టిక్కు పెట్టాడు. సంతకం చెయ్యమన్నాడు. ఆచూకీ లేదని నేనే సంతకం పెట్టాను.

సంతకం ఫారం వెనక పెట్టాలి. వెనక సన్నక్షరాల్లో ఏదో ఉంది. సన్నక్షరాలు కనిపిస్తే చదవకుండా ఉండలేను, చెప్పాగా, నా చదువంతా అదే. ఇలా ఉంది: "తప్పిపోయి తిరిగి వచ్చినవారికి ఒకేసారి నెలకు సరిపడు మందు ఇవ్వవలెను. తరచు రావలసి వచ్చుటయే వారు తప్పిపోవుటకు ప్రధాన కారణమని అధ్యయనములలో తేలినది."

రెండుసార్లు చదివాను. మూడోసారి మస్తాన్‌వలి చేత చదివించాను.

అంటే క్రమం తప్పకుండా వచ్చేవాళ్ళకి వారం పొట్లం, పారిపోయినవాళ్ళకి నెల సీసా. పదహారేళ్ళుగా ఒక్క మాత్ర తప్పకుండా మింగి ఎంత తప్పు చేశానో అప్పుడు తెలిసింది.

గురువారం ఫణికుమార్ దగ్గరికి పోయాను. రూలు నిజమేనన్నాడు. తిరిగి వచ్చినవాళ్ళ తెర వేరే, అది ఏ రోజైనా తెరుచుకుంటుంది. ఆ స్టాకు కూడా వేరే పద్దు. అది అడిగితే కొరత కాదు, "పునరాగమన కృషి". అడిగినకొద్దీ జిల్లాకి మంచి పేరు. రెండు వందల పన్నెండు మంది తప్పిపోయారనగానే పైనుంచి రెండు వందల పన్నెండు సీసాలు బయల్దేరాయట, సోమవారానికి వస్తాయట. అయితే వీళ్ళు దొరికారని ఆఫీసరు గారు చెప్పాలి. ఆయన చెప్పందే సీసా కదలదు.

వర్ధన్ గారిని కలుద్దామంటే కుదరలేదు. వచ్చే మంగళవారం ఢిల్లీ నుంచి తనిఖీకి పెద్ద మేడమ్ గారు వస్తున్నారు, ఆయన ఆ హడావుడిలో ఉన్నారు. తప్పిపోయినవాళ్ళ గురించి ఆయనకి దిగుల్లేదా అంటే ఉంది. అందుకే మూడో మీటింగు ఎజెండాలో అదే పెట్టారు: "కమ్యూనిటీ సభ్యులు ఎందుకు తప్పిపోవుచున్నారు? కమ్యూనిటీతో చర్చ."

మూడో మంగళవారం దయామణి నాగా పెట్టలేదు. తోడికోడల్ని తన బల్ల దగ్గర నిలబెట్టి వచ్చింది. టోపీ, మాస్కు, గ్లౌజులు వేశాక మేస్త్రీకి తలలు లెక్కకొస్తే చాలు, ఎవరి తలో పట్టదు. అయితే తోడికోడలు గంటకి సగం రొయ్యలే తుంచగలదు, మధ్యాహ్నం తూకం వేస్తే దొరికిపోతుంది. రెండింటికల్లా నేను షెడ్డులో ఉండాలక్కా అంది. మాత్రలు నిన్న రాత్రితో అయిపోయాయి. నా ఆవాల కింద నాలుగున్నాయి, రెండు ఆమె చేతిలో పెట్టబోయాను. నీకో అంది. తీసుకోలేదు.

గోడకేసి కూర్చున్నాం. పెద్ద మేడమ్ గారు వచ్చారని వెనక కుర్చీల చప్పుడు బట్టి తెలిసింది. వర్ధన్ గారు మొదలెట్టారు. ఈ జిల్లాలో రెండు వందల పన్నెండు మంది మందులు మానేసి, కుటుంబాలని, సమాజాన్ని, ముఖ్యంగా సూచికలని నిర్లక్ష్యం చేసి ఎక్కడికో వెళ్ళిపోయారన్నారు. ఇక్కడ కూర్చున్న మీలాంటి బాధ్యత గల రెండు వందల పన్నెండు మందిని చూసి వాళ్ళు సిగ్గు తెచ్చుకోవాలన్నారు. నా పక్క కుర్చీలో ఉన్న ముసలాయన, పాపం, నిజంగానే చప్పట్లు కొట్టాడు. వాళ్ళకి బుద్ధి చెప్పే మనిషి లేక అన్నాడు.

పెద్ద మేడమ్ గారు తెలుగు మనిషి కాదు గానీ లెక్కలు చూడ్డానికి తెలుగు అక్కర్లేదు. హాజరు రిజిస్టరూ, తప్పిపోయినవాళ్ళ రిజిస్టరూ పక్కపక్కన పెట్టించుకుని చాలాసేపు పేజీలు తిప్పారు. తర్వాత ఇంగ్లీషులో అడిగారు. మృణాళిని గారు రికార్డు కోసమని తెలుగులోకి మార్చి మైకులో చదివారు కాబట్టి మాకూ తెలిసింది. హాజరైనవాళ్ళ నంబర్లూ తప్పిపోయినవాళ్ళ నంబర్లూ ఒకటేగా ఉన్నాయి, వీళ్ళూ వాళ్ళూ ఒకటేనా అని.

వర్ధన్ గారి వేళ్ళు కలిశాయో విడిపోయాయో నాకు కనపడలేదు. గొంతు మాత్రం తొణకలేదు. "మనుషులు ఒకటే మేడమ్. అధ్యాయాలు వేరు. హాజరు నాలుగో అధ్యాయం, తప్పిపోవడం ఏడో అధ్యాయం."

ఆవిడ ఏదో గొణిగారు. అది మృణాళిని గారు అనువదించలేదు. రెండు అధ్యాయాల్లో ఒకటి కొట్టెయ్యాల్సి వస్తుందన్నారని మాత్రం చెప్పారు. నాలుగోది కొట్టేస్తే భాగస్వామ్యం సున్నా, నివేదిక చెల్లదు. ఏడోది కొట్టేస్తే, వీళ్ళు తప్పిపోలేదన్నమాట. తప్పిపోనివాళ్ళకి రెండు వారాలు మందు ఎందుకివ్వలేదని సంజాయిషీ. వేదిక మీద గుసగుసలు మొదలయ్యాయి. పన్నెండుం పావయ్యింది. షెడ్డుకి టైమవుతోందని దయామణి వెనక నుంచి నా కుర్చీని కాలితో తడుతోంది.

నేను లేచాను. గోడకేసే నిలబడి, ట్యాంకు బోర్డుతో మాట్లాడినట్టు మాట్లాడాను.

"అయ్యా, ఏ అధ్యాయమూ కొట్టెయ్యక్కర్లేదు. మేం తప్పిపోయిన మాట నిజం. ఇప్పుడే దొరికాం. కమ్యూనిటీతో చర్చించారు, కమ్యూనిటీకి సిగ్గొచ్చింది. దొరికినవాళ్ళని కిటికీ దాకా తీసుకుపోవాలని మీ ఫారంలోనే ఉంది. తీసుకుపొండి."

వర్ధన్ గారు మీటింగు మధ్యలో దిగితే భాగస్వామ్యం పాక్షికం అవుతుందేమోనన్నారు. ఆయనకి ఆ భయం నిజంగా ఉంది, వంకర మనిషి కాదు. అప్పుడు మృణాళిని గారు, ఆవిడ రుణం ఉంచుకోకూడదు, మైకు తీసుకుని, మెట్లు దిగడాన్ని మీటింగులో భాగంగా "క్షేత్ర సందర్శన" అని రాసుకోవచ్చన్నారు. దానికి ఫార్మాటులో గడి ఉందట. ఇంతవరకూ ఏ జిల్లావాళ్ళూ నింపలేదట.

అలా మా భాగస్వామ్యం ఇరవై రెండు మెట్లు దిగింది. ముందు వర్ధన్ గారు, వెనక మేం, మధ్యలో సెలైన్ స్టాండ్లు. వెనక నుంచి ఫోటోలు. ఒంటిగంటకి కిటికీ మూసేవాడు ఫణికుమార్, ఆరోజు మూయలేదు. తిరిగి వచ్చినవాళ్ళ తెరకి టైము లేదన్నాడు. దయామణిని ముందు నిలబెట్టాం. సీలు తియ్యని సీసా కిటికీలోంచి బయటికొచ్చింది. ముప్పై మాత్రలు. ఆమె అక్కడికక్కడే ఒకటి మింగి, నా వైపు చూసి, ఒక్క నవ్వు నవ్వింది. ఆ తర్వాత కాగితం గోటితో గీకడం మొదలెట్టింది.

మరి వచ్చే నెల ఏం చెయ్యాలి, మళ్ళీ పొట్లాలేనా అని ఫణికుమార్‌ని అడిగాను. అతను సీసాలందిస్తూనే చెప్పాడు. కంప్యూటరులో మాది ఇంకా ప్రతి మంగళవారమే. సీసా ఉంది కాబట్టి మేం ఈ మంగళవారాలు రాం. రాకపోతే రెండు వారాలకి ఎర్రక్షరాల్లోకి పోతాం. పోగానే పైనుంచి రెండు వందల పన్నెండు సీసాలు బయల్దేరతాయి. సీసా అయిపోయే వేళకి వచ్చి దొరికితే సరి. అతను రూలు దాటలేదు, రూలు ఎక్కడికి పోతుందో చెప్పాడంతే.

అంటే ఇకనుంచి నెలనెలా మా సెంటరు మొత్తం తప్పిపోతుంది, నెలనెలా మొత్తం దొరుకుతుంది. వర్ధన్ గారికి ఇది అర్థమవ్వడానికి కాస్త టైము పట్టింది. అర్థమయ్యాక మొహం వెలిగింది. తప్పిపోయినవాళ్ళని నూటికి నూరు వెనక్కి తెచ్చిన జిల్లా దేశంలో ఇంకోటి లేదని పెద్ద మేడమ్ గారు పుస్తకంలో రాసుకుంటున్నారు. మిగతా జిల్లాల వాళ్ళు వచ్చి చూసి నేర్చుకోవాలని కూడా అన్నారట. ఆఖరి పేజీ మీద నా సంతకం అడిగారు. ముందు పేజీలు ఇచ్చారు. అన్నీ చదివాకే పెట్టాను. "సన్నిహిత అనుబంధము" అలాగే ఉంది. ఉండనీ అనుకున్నాను, సీసాలు వచ్చాయి.

ఒంటిగంట దాటి పావుగంటయింది. షెడ్డు వైపు పోయే బస్సు గేటు దగ్గర నిలబడి ఉంది. దయామణి అటు పరిగెత్తబోయి ఆగి, వెనక్కి వచ్చి, వర్ధన్ గారి ముందు నిలబడింది. మూడు వారాల్లో ఆయన ఆమె మొహం చూడటం అదే మొదలు.

"సార్, వచ్చే నెల మేం ఏ రోజు దొరకాలి? మేస్త్రీకి ముందే చెప్పుకోవాలి."

ఆయన జేబులోంచి డైరీ తీసి, కళ్ళజోడు సర్దుకుని, పేజీలు తిప్పారు. ఆ మంగళవారం సెలవు పడిందట. బుధవారం దొరకమన్నారు.